లూప్ చెప్పేదెంత, చెప్పనిదెంత

టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ‘టూ ఎంబీ’ అని వాడుకగా పిలిచే ఈ-1 లైన్ సెకనుకు 20,48,000 బిట్లు మోస్తుంది. ఈ అంకె ఎలా వచ్చిందో తెలిస్తే ఆ లైన్‌కు చేసే సెట్టింగుల్లో సగం అర్థమైనట్టే. మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తే ఒక సంభాషణకు సెకనుకు 64,000 బిట్లు అవుతాయి. అలాంటి 32 సంభాషణలకు చోటిస్తూ, ఒక్కోదానికి 8 బిట్ల గది చొప్పున వరసగా పేరిస్తే 256 బిట్ల ఫ్రేమ్ తయారవుతుంది. ఒక ఫ్రేమ్ వెళ్లడానికి పట్టేది 125 మైక్రోసెకన్లు. అది వెళ్లీ వెళ్లకముందే తర్వాతిది బయల్దేరుతుంది.

ఈ గదులను టైమ్‌స్లాట్లు అంటారు. వాటికి 0 నుంచి 31 వరకు నంబర్లుంటాయి. 32 ఉన్నా మాటలకు దక్కేవి 30 మాత్రమే. ఫ్రేమ్ ఎక్కడ మొదలైందో అవతలి యంత్రానికి తెలియాలి కదా, ఆ గుర్తు 0వ టైమ్‌స్లాట్‌లో వెళ్తుంది. ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్‌లో 0011011 అనే వరస అందులో కనిపిస్తుంది. 16వది సిగ్నలింగ్‌కు పోతుంది. ఫోన్ ఎత్తారా, పెట్టేశారా, ఎవరికి గంట మోగాలి అన్న కబుర్లన్నీ అందులోనే. అమెరికాలో బెల్ సంస్థ 1962లో ప్రవేశపెట్టిన టీ-1 లైన్‌లో ఛానళ్లు 24, వేగం 1.544 మెగాబిట్లు. భారతదేశం మాత్రం ఐరోపా పద్ధతిలోని 30 ఛానళ్ల లైన్‌నే తీసుకుంది.

ఇంటర్నెట్ రద్దీ చాలావరకు ఈథర్‌నెట్‌కు మళ్లినా ఈ-1 ఇంకా రిటైర్ కాలేదు. ఆఫీసుల్లోని పీఆర్ఐ లైన్లు, రైల్వే స్టేషన్లను కలిపే ఫోన్ సర్క్యూట్లు ఇప్పటికీ దాని మీద నడుస్తున్న చోట్లున్నాయి.

ఈ-1కు రెండు దారులుంటాయి: పంపేది ఒకటి, అందుకునేది ఒకటి. పంపిన సిగ్నల్‌ను దారిలో ఒకచోట మలిపి అందుకునే దారిలోకి తిప్పేయడమే లూప్. నూతిలోకి తొంగి పిలిస్తే తన గొంతు తనకే తిరిగి వినిపించినట్టు, యంత్రం పంపిన బిట్లు యంత్రానికే తిరిగొస్తాయి. పంపినవీ వచ్చినవీ ఒక్కటే అయితే అంతవరకు దారి బాగున్నట్టు. తేడా వస్తే తప్పు ఆ లోపలే ఉంది.

అందుకే లైన్ పడిపోగానే ‘అక్కడ లూప్ ఇవ్వండి’ అన్న మాట ఫోన్లో వినిపిస్తుంది. ముందు తమ గదిలోనే, కేబుళ్లు వచ్చి చేరే డీడీఎఫ్ దగ్గర, చిన్న వైరు ముక్కతో లూప్ వేసి చూస్తారు. ఎర్ర అలారం లైటు ఆరితే తమ పరికరం మంచిదే. తర్వాత మధ్య స్టేషన్‌లో, ఆపైన అవతలి కొసన. ఎక్కడి లూప్‌కు లైన్ బాగుండి, దాని తర్వాతి లూప్‌కు చెడిందో ఆ రెంటి మధ్యే తప్పు చిక్కుతుంది. వంద కిలోమీటర్ల లైన్ మీద జీపేసుకుని తిరిగే పని దీంతో చాలా తగ్గుతుంది.

వైరుతో వేసే లూప్ కాక, పరికరంలో ఆదేశంతో పెట్టేవీ ఉన్నాయి. లోకల్ లూప్ పెడితే కార్డు పంపబోయే సిగ్నల్ గడప దాటకుండానే వెనక్కి తిరుగుతుంది. లైన్ లూప్‌లో అవతలి నుంచి వచ్చినది వచ్చినట్టే తిరిగి వెళ్తుంది. పేలోడ్ లూప్ కొంచెం తెలివైనది. వచ్చిన ఫ్రేమ్‌ను విప్పి, 0వ టైమ్‌స్లాట్‌ను కొత్తగా రాసి, మిగతా 31 గదుల సరుకును మాత్రమే వెనక్కి పంపుతుంది. లైన్ లూప్ బాగుండి పేలోడ్ లూప్ చెడితే కేబుల్‌ను అనుమానించనక్కర్లేదు, ఫ్రేమ్‌ను విప్పే భాగాన్ని చూడాలి. ఒక్క ఛానల్‌కే లూప్ పెట్టే వీలూ కొన్నింట్లో ఉంటుంది. అప్పుడు మిగతా 29 మంది మాటలు ఆగవు.

లైట్లు ఆరినంత మాత్రాన చాలదు. టెస్టర్‌తో 32,767 బిట్లకోసారి మళ్లీ మొదలయ్యే గజిబిజి వరసను పంపి, తిరిగొచ్చిన దానిలో తప్పులు లెక్కపెడతారు. పది లక్షల బిట్లకు ఒక్క తప్పు అంటే వినడానికి చిన్నదే. ఈ వేగంలో అది సెకనుకు రెండు తప్పులు.

లూప్ మీద అతి నమ్మకం పెట్టుకున్నవాళ్లు బోర్లాపడేది ఇక్కడి నుంచే. లూప్‌లో ఉన్న యంత్రం తనతో తానే మాట్లాడుకుంటుంది. తన భాష తనకు అర్థం కాకపోవడమంటూ ఉండదు. రెండు కొసల సెట్టింగులు కలవకపోతే ఏ కొసకు ఆ కొసన లూప్ పరీక్ష చక్కగా నెగ్గుతుంది. లూప్ తీసి కలపగానే గొడవ మొదలవుతుంది.

ఛానళ్ల లెక్క ఇందుకు మంచి ఉదాహరణ. 1 నుంచి 15 వరకు ఛానల్ నంబరూ టైమ్‌స్లాట్ నంబరూ ఒక్కటే. 16వది సిగ్నలింగ్‌కు పోయింది కాబట్టి 16వ ఛానల్ 17వ టైమ్‌స్లాట్‌లో కూర్చుంటుంది, 30వ ఛానల్ 31లో. ఒక కొసన ఛానల్ నంబర్లు, రెండో కొసన టైమ్‌స్లాట్ నంబర్లు రాసుకుని సెట్ చేస్తే మొదటి పదిహేను ఫోన్లు బాగానే పలుకుతాయి. ఆ తర్వాతివి ఒకరి మాట ఇంకొకరికి చేరుస్తాయి. డేటా కోసం ఆరు టైమ్‌స్లాట్లు కలిపి 384 కిలోబిట్ల లైన్ ఇచ్చినప్పుడు, ఒకచోట 1 నుంచి 6, మరోచోట 2 నుంచి 7 అని పెట్టినా అంతే. ఐదు కలిసినా లాభం లేదు, డేటా మొత్తం చెత్తే.

సీఆర్‌సీ-4 తనిఖీని ఒక కొసన పెట్టి మరో కొసన మరిచిపోవడం, ఒకరు హెచ్‌డీబీ-3 కోడింగ్ ఎంచుకుంటే ఇంకొకరు ఏఎంఐ పెట్టడం కూడా ఈ కోవలోవే.

అన్నిటికన్నా మాయదారిది క్లాక్. రెండు కొసలూ సొంత గడియారం మీద నడిస్తే ఒకటి కాస్త ముందుకు, ఇంకొకటి కాస్త వెనక్కి జరుగుతాయి. ఈ-1 గడియారం పది లక్షలకు 50 వంతుల దాకా ఇటూ అటూ ఉండొచ్చు. రెండూ ఎదురెదురు అంచుల్లో ఉంటే సెకన్నరలోపే ఒక ఫ్రేమ్ జారిపోతుంది. మాటల్లో అది చిన్న టిక్కుమనే చప్పుడు. ఫ్యాక్స్‌కైతే కాగితం పాడైనట్టే. అందుకని ఒక కొస గడియారం ఇవ్వాలి, రెండోది లైన్ నుంచి దాన్ని తీసుకోవాలి. ఇద్దరూ తీసుకునేవాళ్లే అయితే ఇచ్చేవాళ్లెవరూ ఉండరు. లైన్ క్లాక్ మీద ఉన్న పరికరం ఎదుట లూప్ వేసినా ఇదే తంతు, తన నీడను తానే వెంబడించినట్టు. పరీక్షించినంతసేపూ దాన్ని సొంత క్లాక్‌కు మార్చాలి, అయ్యాక మళ్లీ లైన్ క్లాక్‌కు తేవాలి.

లూప్ తీయడం మరిచిపోయే ప్రమాదమూ ఉంది. లూప్‌లో ఉన్న లైన్‌కు ఎర్ర అలారం రాదు, పైకి అంతా పచ్చగానే ఉంటుంది. రౌటర్లయితే తమ ప్యాకెట్ తమకే వచ్చిందని గుర్తుపట్టి లైన్ లూప్‌లో ఉందని చూపిస్తాయి. మామూలు ఫోన్ ఛానల్‌కు ఆ తెలివి లేదు, ఎత్తినవాళ్లకు తమ హలో తమకే వినిపిస్తుంది. దూరం నుంచి ఆదేశమిచ్చి లూప్ పెట్టేటప్పుడు ఇంకో చిక్కు: ఆ ఆదేశం వెళ్లే దారి అదే లైన్ అయితే, లూప్ పడిన క్షణానే దారి తెగిపోతుంది. తీయమని చెప్పడానికి మార్గముండదు. కొన్ని పరికరాల్లో ఇన్ని నిమిషాల తర్వాత లూప్ దానంతటదే పోయేలా టైమర్ ఉండేది ఇందుకే. అది పెట్టకుండా లూప్ ఆదేశమిస్తే, ఆ స్టేషన్ దాకా మనిషి వెళ్లి చేత్తో తీసి రావాలి.