సెప్టెంబరు 17న రాయచూరు ఎందులో కలిసింది?

ఏటా సెప్టెంబరు 17న రాయచూరులో జెండా ఎగరేస్తారు. ఇప్పుడు ఆ వేడుకను కల్యాణ కర్ణాటక ఉత్సవం అంటున్నారు. ఆ రోజు సర్దార్ పటేల్‌ను 'భారత బిస్మార్క్' అని పొగడటం మామూలే. ఈ జిల్లాలోనే సింధనూరు వైపు తెలుగు వలస రైతుల క్యాంపుల్లో ఉండే మన పిల్లలూ ఆ మాటే విని ఇంటికొస్తారు.

అపోహ: బిస్మార్క్ జర్మనీని కలిపినట్టే పటేల్ మన దేశాన్ని కలిపాడు.

వాస్తవం: బిస్మార్క్ దారి యుద్ధాలది. 1864లో డెన్మార్కుతో, 1866లో ఆస్ట్రియాతో, 1870లో ఫ్రాన్సుతో. కొత్త సామ్రాజ్యంలో బవేరియా రాజు సింహాసనం మాత్రం పదిలంగా ఉంది. ఇక్కడ జరిగింది దాదాపు తిరగేసిన కథ. 560కి పైగా సంస్థానాల్లో ఎక్కువ భాగం పటేల్, ఆయన శాఖ కార్యదర్శి వి.పి. మేనన్‌ల ఒత్తిడికీ బుజ్జగింపుకీ సంతకాలతోనే లొంగాయి. రాజులకు భరణాలు మిగిలాయి, రాజ్యాలు మిగల్లేదు.

రాయచూరు అప్పుడున్న హైదరాబాదు సంస్థానం కథ వేరు. సైన్యం రావాల్సి వచ్చింది.

అపోహ: అది పోలీసు చర్య, నెత్తురు చిందలేదు.

వాస్తవం: 1948 సెప్టెంబరు 13న కదిలింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలోని సైన్యం. 17న నిజాం లొంగిపోయాడు. అంతకుముందు నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు ఊళ్లను పీడించారన్నది నిజం. ఆ తర్వాత ముస్లింల మీద హత్యాకాండ జరిగిందన్నదీ అంతే నిజం. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతులు 27,000 నుంచి 40,000 దాకా ఉండొచ్చని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఉత్సవ ఉపన్యాసాల్లో దాని ఊసు నేనైతే వినలేదు.

అపోహ: ఆ రోజే రాయచూరు కన్నడనాడులో చేరింది, చేర్చింది పటేలే.

వాస్తవం: ఆ తర్వాత కూడా ఎనిమిదేళ్లు రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో జిల్లాగానే ఉంది. 1950 నుంచి ఆ రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నరు స్థాయి అధినేత, సాక్షాత్తూ ఆ నిజామే! పటేల్ 1950 డిసెంబరులో కన్నుమూశాడు. పైగా నెహ్రూ, పట్టాభి సీతారామయ్యలతో కలిసి ఆయన కూర్చున్న జేవీపీ కమిటీ భాషా రాష్ట్రాలను అప్పటికి వాయిదా వేయమంది. రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరింది 1956 నవంబరు 1న.

అదే రోజు జిల్లాలోని గద్వాల, అలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అవీ రాయచూరులాగే కృష్ణా తుంగభద్రల నడిమి నేలే. రాయచూరు నుంచి గద్వాలకు పోవాలంటే ఆ రెండు నదుల్లో ఏదీ దాటక్కర్లేదు.