ఇంగ్లీషు రాని ఇంట ఇంగ్లీషు పరీక్ష

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో మార్చి నెల వచ్చిందంటే పదవ తరగతి పిల్లలున్న ప్రతి ఇంట ఒకటే కలవరము. ఇంగ్లీషు పుస్తకము తెరిస్తే తల్లిదండ్రులమైన మనము మెల్లగా ప్రక్కకు తప్పుకుంటాము. మనకు రానిది మనమేమి చెప్పగలమని అనుకుంటాము. మేమూ అలాగే తప్పుకున్నవారమే.

2025 మార్చిలో మా పెద్దమ్మాయి పబ్లిక్ పరీక్షలు వ్రాసింది. అంతకు ముందు తెల్లవారుజామున లేచి గైడులోని జవాబులను కంఠస్థము చేసేది. ప్రీఫైనల్‌లో ఇంగ్లీషుకు 28 మార్కులు వచ్చాయి. నూటికి 35 వస్తేనే గదా గట్టెక్కేది! ఆ రాత్రి అన్నము ముట్టలేదు. "నేను పరీక్షకి పోను నాయనా" అని ఏడ్చింది.

మా సంఘములో సండేస్కూలు చెప్పే అక్కగారు ఆ జవాబు పత్రము చూశారు. "పిల్ల పేజీ నిండా వ్రాసింది గాని, అడిగినదానికి వ్రాయలేదు. మాటలు వచ్చు, కథ తెలియదు. రోజూ రాత్రి ఒక పాఠాన్ని తెలుగులో చెప్పించుకోండి. వినడానికి మీకు ఇంగ్లీషు అక్కరలేదు గదా" అన్నారు.

ఆ రాత్రే మొదలుపెట్టాము. 2024-25 నుండి మన రాష్ట్రములో వచ్చిన కొత్త పుస్తకములో మొదటి పాఠము 'ఎ లెటర్ టు గాడ్'. మెక్సికో రచయిత కథ. లెంచో అనే రైతు పైరును వడగండ్లు నాశనము చేస్తాయి. నూరు పెసోలు పంపమని దేవునికే ఉత్తరము వ్రాస్తాడు. పోస్టుమాస్టరు జాలిపడి, తన జీతములో కొంత వేసి, తోటివారినీ అడిగి 70 పెసోలు పంపుతాడు. లెంచో మాత్రం మిగిలినది పోస్టాఫీసువారే కాజేశారని మళ్లీ ఉత్తరము వ్రాస్తాడు!

వానకోసం ఆకాశము చూచే మెట్టరైతులము మేము. ఆ కథ మాకు పరాయిదిగా తోచలేదు. "సాయము చేసినవాళ్లనే దొంగలన్నాడే, ఇదేమి విశ్వాసము?" అని వాళ్ల అమ్మ అడిగింది. దేవుడు మనుష్యుల చేతులతో కూడ ఇస్తాడని లెంచోకు తోచలేదని పిల్ల జవాబు చెప్పింది. "దానినే నీకు వచ్చిన ఇంగ్లీషులో వ్రాయి" అన్నాము. నాలుగు చిన్న వాక్యాలు వ్రాసింది. అవి గైడులోనివి కావు, తనవి.

అప్పటినుండి మా పద్ధతి ఇది. రాత్రి ఒక గంట టీవీ, సెల్‌ఫోను కట్టేయాలి. ఎవరు, ఎక్కడ, ఏమి కోరారు, చివరకు ఏమైంది అనే నాలుగు ప్రశ్నలు అడగాలి. పిమ్మట పుస్తకము మూసి అయిదు వాక్యాలు వ్రాయించాలి. పద్యమైతే రెండుసార్లు పైకి చదివించి, కళ్లకు ఏమి కనబడిందో చెప్పించాలి. పరీక్షలో పాఠములోని భాగాన్నే ఇచ్చి క్రింద ప్రశ్నలు అడుగుతారు గనుక, ప్రశ్నను ముందు తెలుగులో చెప్పించి తరువాత జవాబు వెదకించాలి. శనివారము గడియారము పెట్టి పాత ప్రశ్నాపత్రము ఒకటి పూర్తిగా వ్రాయించాలి. అసలు పరీక్షలో చదువుకొనడానికి ఇచ్చే 15 నిమిషాలను వృథా చేయవద్దని కూడ చెప్పాలి.

పబ్లిక్‌లో అమ్మాయికి 57 వచ్చాయి. గొప్ప మార్కులు కావు. అయినా ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. తమ్ముడు తన పాఠాలు వినమని రాత్రి మా మంచము దగ్గరికి వస్తున్నాడు.

ప్రియమైన తల్లిదండ్రులారా, పిల్లల పరీక్షల కొరకు తప్పక ప్రార్థిద్దాము. అయితే ఆమేన్ అన్న తరువాత వారి ప్రక్కన కాసేపు కూర్చుందాము. చదువు రాకపోయినా వినే చెవులు మనకున్నవి గదా!