"పోష్ పెట్టేస్తుంది జాగ్రత్త": ఈ జోక్ ఎవరి మీద?

ఇవాళ మ్యాటర్ కాస్త సీరియస్, కానీ జోక్‌తోనే మొదలుపెడదాం.

ఐటీలో పనిచేసినవాళ్ళకి తెలుసు. ఏడాదికోసారి పోష్ ట్రైనింగ్ అని ఒక వీడియో వస్తుంది. దాన్ని పక్క ట్యాబ్‌లో రన్ చేసి, చివర్లో క్విజ్ ఆన్సర్లు వాట్సాప్‌లో పంచుకుంటారు. ఆ తర్వాత ఓ నెల పాటు ఫ్లోర్‌లో ఒకటే డైలాగ్: "ఒరేయ్, ఆ అమ్మాయితో జాగ్రత్త, పోష్ పెట్టేస్తుంది." 2018లో ఇదే డైలాగ్ "మీటూ పెట్టేస్తుంది" అని తిరిగేది.

ఈ జోక్‌లో నవ్వు ఎవరి మీద? చెయ్యి వేసినవాడి మీద కాదు, కంప్లైంట్ ఇచ్చే అమ్మాయి మీద. అదే టేబుల్ దగ్గర టీ తాగుతూ అందరితో పాటు నవ్విన అమ్మాయికి, అప్పటికే మేనేజర్ నుంచి రాత్రి పదకొండింటికి మెసేజ్‌లు వస్తూ ఉండొచ్చు. రేపు నోరు విప్పితే తన పక్కన ఎంతమంది ఉంటారో ఆ నవ్వుతోనే ఆమెకి లెక్క తేలిపోతుంది. అదే అమ్మాయి "రాత్రి పదకొండింటికి 'తిన్నావా' అని అడిగే శ్రద్ధ మా సార్‌కి నా అప్రైజల్ మీద ఉంటే బాగుండు" అంటే, అదీ జోకే. నవ్వు మాత్రం కరెక్ట్ అడ్రస్‌కి వెళ్ళింది.

అసలు ఈ "పెట్టేయడం" బటన్ నొక్కితే అయ్యే పని కాదు. 2013 చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. ఫిర్యాదు 3 నెలల్లోపు రాసి ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వచ్చు. ఫిర్యాదు కాపీ 7 పనిదినాల్లో అవతలి వ్యక్తికి వెళ్తుంది, అతను 10 పనిదినాల్లో జవాబు, సాక్షుల పేర్లు ఇచ్చుకోవచ్చు. 90 రోజుల్లో విచారణ పూర్తవ్వాలి. లాయర్లు ఎవరికీ ఉండరు. "మగాడి మాట ఎవడు వింటాడు బ్రో" అనేవాళ్ళు ఇది ఒకసారి చదవండి.

"మరి ఫేక్ కేసులో?" సెక్షన్ 14 ఉంది. కావాలని అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినట్టు తేలితే చర్య తీసుకోవచ్చు. కానీ రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది అబద్ధం అయిపోదని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. వాట్సాప్ ఫార్వర్డ్‌లలో మొదటి సగమే తిరుగుతుంది! ఇక సెక్షన్ 16 ప్రకారం ఇద్దరి పేర్లూ, సాక్షుల పేర్లూ, విచారణ వివరాలూ బయటపెట్టకూడదు.

ఇప్పుడు భాషకి వద్దాం. నాకు ఎక్కువ చిరాకు ఇక్కడే. "మానభంగం" అంటాం. మానం భంగమైంది ఎవరిది? తప్పు చేసింది వాడు, మానం పోయింది ఆమెది. "జీవితం నాశనమైపోయింది" అని హెడ్డింగ్ పెడతారు, ఆమె ఇంకా హాస్పిటల్ బెడ్ మీద బతకడానికి పోరాడుతుంటే. అమ్మాయి వెంటపడి బస్టాప్ దాకా వచ్చినవాడు "ఆకతాయి" అట. పక్కింటి మామిడి చెట్టు మీద రాళ్ళేసే పిల్లాడినీ అదే మాట అంటాం. "ఈవ్ టీజింగ్" కూడా అంతే, ఏదో సరదాకి ఏడిపించినట్టు. సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో జడ్జీల కోసం ఒక హ్యాండ్‌బుక్ తెచ్చి, ఆ పదం వాడొద్దని, వీధుల్లో జరిగే లైంగిక వేధింపు అని రాయమని చెప్పింది.

ఇటు చివర ఇలా మెత్తగా ఉంటే, అటు చివర "కామాంధుడు", "మృగాడు". కేసు పెట్టిన సాయంత్రానికే ఫొటో మీద ఎర్ర గుండ్రంతో థంబ్‌నెయిల్ వచ్చేస్తుంది. నిందితుడు అంటే ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు. దోషి అంటే కోర్టు తేల్చినవాడు. ఈ రెండు మాటలూ మనకి శుభ్రంగా ఉన్నాయి, వాడం అంతే. ఇంకో నష్టం కూడా ఉంది. తప్పు చేసేవాడంటే మృగమే అని ఫిక్స్ అయిపోయాక, బర్త్‌డేకి కేక్ తెచ్చే టీమ్ లీడ్ మీద ఫిర్యాదు వస్తే "ఛ, ఆయన అలాంటోడు కాదు" అనేస్తాం. ఆ పెద్ద మాట నిరపరాధినీ ముంచుతుంది, నిజంగా దెబ్బతిన్న అమ్మాయినీ ముంచుతుంది.

మన హైదరాబాద్‌లోనే చూశాం. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ మీద ఘోరం జరిగింది. న్యాయం కావాలని జనం ఆమె అసలు పేరుతోనే హ్యాష్‌ట్యాగ్ నడిపారు. పేరు బయటపెట్టడం చట్టప్రకారం నేరం, 2 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. చివరికి పోలీసులు "దిశ" అనమని చెప్పాల్సి వచ్చింది. డిసెంబర్ 6న నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో బయటికొచ్చిన రిపోర్టులో చెప్పింది. ఆ కేసు విచారణ ఇక ఏ కోర్టులోనూ జరగదు. ఆ కుటుంబానికి కోర్టు తీర్పు అనేదే లేకుండా పోయింది.

లాస్ట్‌గా, చాలామంది అడిగే డౌట్. "మా స్టార్టప్‌లో ఆరుగురమే, కమిటీ లేదు", లేదా "ఓనర్ మీదే కంప్లైంట్". అప్పుడు జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి వెళ్ళాలి. ఇంటర్న్‌లు, కాంట్రాక్ట్ వాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, అందరికీ వర్తిస్తుంది. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 181కి కాల్ చేయండి, మహిళా హెల్ప్‌లైన్.