వెల్డింగు హెల్మెట్టు: ఖర్చు అద్దమునకే పెట్టండి

నందికొట్కూరు ప్రాంతమున విరిగిన గుంటకను, ట్రాక్టరు ట్రాలీని ఇంటివద్దనే అతికించుకొనువారు హెల్మెట్టు కొనునపుడు సొగసు చూడక అద్దము చూడవలెను. వెల్డింగు వెలుగులోని అతినీలలోహిత కిరణములు కంటి పైపొరను కాల్చును. కొన్ని గంటల తరువాత కంట్లో ఇసుక పోసినట్లు మంట పుట్టును. చలువ కళ్లద్దములు దీనిని ఆపలేవు.
3.15 మిల్లీమీటర్ల కడ్డీతో చేయు పనికి 10 లేక 11 నంబరు నల్ల అద్దము తగినది. అద్దముపై నంబరు ఉన్నదో లేదో చూడండి. అప్పుడప్పుడు పనిచేయువారికి సాదా ఫైబరు తొడుగు చాలును. దానిని వెలుతురుకు ఎత్తినపుడు పగుళ్లు కనిపించరాదు. తనంతట నల్లబడు అద్దము ఖరీదైనది; దినమంతా పనిచేయు దుకాణదారునకే అది లాభము.
ముందుండు తెల్ల అద్దము చవక, మసకబారగానే మార్చండి. నల్ల అద్దము పగిలినచో ఒక్క పూటయినను వాడవద్దు.
మిగిలిన డబ్బుతో, ఇనుము పట్టుకొను మనిషికి రెండవ హెల్మెట్టు కొనండి. అతనివీ కళ్లే.