రేగడి మన్ను – నిజాంసాగరపు పూడిక

మంజీరా నదిపై 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరము మొదట 2,900 కోట్ల ఘనపుటడుగులకు పైగా నీరు పట్టెడిది. 1970వ దశకమునకు పూడిక చేరి ఆ పరిమాణము 1,200 కోట్లకు లోపయ్యెను. పిమ్మట నీటిమట్టమును పెంచి కొంత తిరిగి పొందిరి. అడుగున చేరినది ఎగువ భూముల పైమన్నే గదా!

నల్లరేగడి రైతులు వానకాలమున భూమిని దున్ని, పైరు లేక ఉంచి, యాసంగి జొన్న విత్తుట పూర్వపు వాడుక. ఇది అవివేకము కాదు. తడిసిన రేగడిలో నాగలి సాగదు, తేమయు నిలుచును. అయినను వట్టి దుక్కిపై జడివాన పడినచో సారవంతమైన మెత్తని మన్నే ముందుగా కొట్టుకొనిపోవును.

పటాన్‌చెరువు ఇక్రిశాట్ క్షేత్రమున 1976 నుండి జరిపిన పరీక్షలో ఇట్టి భూమి హెక్టారునకు ఏటా 6 టన్నులకు పైగా మన్ను కోల్పోయెను. వెడల్పు బోదెలు, చాళ్లు తీసి, వానలకు ముందే పొడిదుక్కిలో విత్తి, వానకాలమునను పైరు నిలిపిన భూమిలో నష్టము 2 టన్నులకు లోపే. పంటయు మిక్కిలి హెచ్చెను. అయితే ఇందులకు ఎరువుల వ్యయము అధికము. తొలివాన తప్పినచో విత్తనము చెడును. వానలు నమ్మకమైన చోటనే ఇది తగును.

అంత వ్యయమునకు ఓపనివారు వాలునకు అడ్డముగా దున్ని, నీరు పారు త్రోవలలో గడ్డిని పెరుగనీయవలెను.