కుళ్లగా మిగిలింది కడప రాళ్లలో ఉంది

కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల కొండల్లో కొన్ని రాళ్లను అడ్డంగా కోస్తే ఉల్లిపాయ కోసినట్టు పొర మీద పొర కనిపిస్తుంది. వీటిని స్ట్రోమాటొలైట్లు అంటారు. లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు చాపలా అల్లుకుని, మీద పడిన మట్టిని, సున్నాన్ని పట్టుకుంటూ కట్టిన పొరలివి. పులివెందుల దగ్గర, వేంపల్లె రాయికి పైనున్న పొరల్లోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవం వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లు. అంటే ఈ రాయి అంతకంటే పాతది. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు.

మరి ఆ జీవులు చచ్చాక ఏమయ్యాయి?

సముద్రంలో చచ్చినదాన్ని ముఖ్యంగా తినేది బాక్టీరియా. దానికి నోరు లేదు. ఎంజైములను బయటికి వదిలి, పెద్ద అణువులను చిన్న ముక్కలు చేసి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు పని చురుగ్గా సాగుతుంది. అది అయిపోతే నైట్రేటు, తర్వాత మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు, ఆపైన సల్ఫేటు వాడుకుంటుంది. మెట్టు దిగేకొద్దీ దక్కే శక్తి తగ్గిపోతుంది. సల్ఫేటు దగ్గరికొచ్చేసరికి కుళ్లిన గుడ్ల వాసన వేసే వాయువు పుడుతుంది. అది ఇనుముతో కలిస్తే పసుపుగా మెరిసే పైరైట్ తయారవుతుంది. అన్నీ అయిపోయాక చివరికి పుట్టేది మీథేన్.

ఇవాళ్టి సముద్రాల్లో సూక్ష్మ మొక్కలు ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల కార్బన్‌ను ఆహారంగా మారుస్తాయి. అందులో బురదలో శాశ్వతంగా పూడిపోయేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. బంకమట్టి రేణువులకు అతుక్కున్నదో, ఆక్సిజన్ చేరని చోట త్వరగా కప్పబడిందో మాత్రమే మిగులుతుంది.

ఆ కొసరే మనకు ప్రాణం. మొక్క ఆక్సిజన్ విడుస్తుంది, అదే మొక్క కుళ్లితే ఆ ఆక్సిజన్ తిరిగి ఖర్చయిపోతుంది. కుళ్లకుండా కార్బన్ పూడినప్పుడే దానికి సరిపడా ఆక్సిజన్ ఖర్చవకుండా మిగులుతుంది. కోట్ల ఏళ్ల పాటు ఒకప్పటి కడప సముద్రం లాంటివాటి అడుగున జరిగిన ఆ పొదుపే మన ఊపిరి.

కడప జిల్లాలోని తుమ్మలపల్లె గని యురేనియం కూడా ఈ కథలోదే. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం కరిగి ఉంటుంది. జీవపదార్థం ఆక్సిజన్ లేకుండా కుళ్లే చోట కరగని రూపానికి మారి నిలిచిపోతుంది. అక్కడి డోలమైట్ రాతిలో యురేనియంతో పాటు ఫాస్ఫేటు, పైరైట్ కనిపించడం ఇందుకు సరిపోతుంది.

భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లోనే ఈ కడప, కర్నూలు పొరల గురించి పెద్ద గ్రంథం రాశాడు. మన బడుల్లో పిల్లలకు మాత్రం వీటి పేరు కూడా తెలియదు. కొండలు తవ్వేవారు ఈ పొరల రాళ్లను కొన్ని చోట్లయినా చెక్కుచెదరకుండా వదలాలి. ఉపాధ్యాయులారా, మీ పిల్లలను ఒక్కసారి వేంపల్లె తీసుకెళ్లి చూపించండి.