తగడూరు సీమ గుహాలయాలు

కొండలో అక్కరలేని రాతిని తొలిచివేసి, మిగిలిన రాతినే గర్భగుడిగా, స్తంభాలుగా, మూలవిరాట్టుగా నిలిపిన ఆలయాన్ని గుహాలయం అంటారు. జవళగిరి, డెంకణికోట ప్రాంతాలలో రాతిగుట్టలకు కొదవ లేకపోయినా, ఈ సీమ చరిత్రతో ముడిపడిన గుహాలయాలు దక్షిణాన నామక్కల్‌లో ఉన్నాయి. జవళగిరి ఉన్న కృష్ణగిరి జిల్లా 2004 వరకు ధర్మపురి జిల్లాలో భాగం. ఆ ధర్మపురే తగడూరు పేరుతో అతియ వంశీయుల రాజధానిగా వెలసింది.

ఏలూరు జిల్లా గుంటుపల్లిలో బౌద్ధ శిల్పులు క్రీస్తుపూర్వమే ఇసుకరాతిని తొలిచి, లోకప్పు మీద కొయ్య వాసాలను పోలిన పట్టీలు చెక్కి, స్తూపం గల పూజాగృహమైన చైత్యాన్ని తీర్చారు. గ్రానైట్ వంటి కఠినశిల అంత తేలికగా లొంగదు గనుక, దక్షిణాదిన జైన మునులు చాలాకాలం సహజ గుహలలోనే రాతి పడకలు చెక్కించుకొని, వాననీరు లోపలికి జారకుండా గుహ పైఅంచున సన్నని గాడి తొలిపించుకొని నివసించారు. పుదుక్కోట దగ్గరి సిత్తన్నవాసల్‌లో అలాంటి పడకలు 17 ఉన్నాయి. 7వ శతాబ్దంలో పల్లవ మహేంద్రవర్మ మండగపట్టులో ఇటుక, కొయ్య, లోహం, సున్నం లేకుండా త్రిమూర్తులకు ఆలయం చేయించినట్లు శాసనంలో సగర్వంగా చెప్పుకోవడానికి కారణం ఈ కష్టమే.

పని జరిగిన తీరు మహాబలిపురంలో సగంలో ఆగిన గుహల వల్ల తెలుస్తుంది. శిల్పులు రాతి ముఖం మీద అడ్డంగా, నిలువుగా లోతైన గాళ్లు కొట్టి, గాళ్ల నడుమ ఉబ్బెత్తుగా మిగిలిన దిమ్మెలను ఒక్కొక్కటిగా పగలగొట్టి, మళ్లీ గాళ్లు కొడుతూ లోపలికి సాగేవారు. స్తంభానికి వదలవలసిన రాతిలో పెచ్చు ఊడితే అతుకు వేయడానికి వీలుండదు. కాబట్టి మొదటి ఉలి దెబ్బకు ముందే గుడి మొత్తం శిల్పి మనసులో కొలతలతో సహా సిద్ధమై ఉండాలి.

8వ శతాబ్దానికి చెందిన నామక్కల్ గుహలలో ఈ విద్య పరిపక్వ దశలో కనిపిస్తుంది. ఒకే కొండకు ఒకవైపు నరసింహుడు, మరొకవైపు శేషశయనుడైన రంగనాథుడు కొలువై ఉండగా, అక్కడి శాసనంలో కనిపించే ‘అతియేంద్ర విష్ణుగృహం’ అనే పేరు తగడూరు వంశాన్ని గుర్తుచేస్తుంది. వరాహ, త్రివిక్రమ మూర్తులు, హిరణ్యకశిపుణ్ణి చీల్చే నరసింహుడు గోడలలోనే రూపుదిద్దుకొన్నారు. దక్షిణాది వైష్ణవ శిల్పంలో వీటికి అగ్రస్థానమే దక్కాలి. దర్శనానికి వెళ్లే కృష్ణగిరి సీమ తెలుగువారు మూలవిరాట్టుకు మొక్కి వెంటనే తిరిగి రాకుండా, ఆ పక్కగోడల ముందు కూడా కాసేపు నిలబడాలి.